బయోస్ అని పేరు పెట్టినాయన

ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ఎఫ్2 గానీ డిలీట్ గానీ గబగబా నొక్కితే ఒక స్క్రీన్ వస్తుంది కదా. కొన్నింట్లో నీలంగా, కొన్నింట్లో నల్లగా ఉంటుంది. మన సీఎస్‌ఈ వాళ్లందరం దాన్ని బయోస్ అనే పిలుస్తాం. నిజానికి ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఉన్నది యూఈఎఫ్ఐ. అయినా పాత పేరు మన నోట్లోంచి పోలేదు. ఆ పేరు పెట్టినాయన గ్యారీ కిల్డాల్.

ఆయన చనిపోయి ముప్పై ఏళ్లు దాటింది. ఆయన పేరు నేను క్లాసులో విన్నది ఒక్కసారే, అదీ ఒక ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ సెషన్‌లో. ఐబీఎం వాళ్లు వెతుక్కుంటూ వస్తే విమానం నడుపుకుంటూ తిరిగి, ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నుకున్న మనిషి అని రెండు నిమిషాల్లో చెప్పేసి స్లైడ్ మార్చేశారు. 52 ఏళ్లు బతికిన మనిషి ఒక్క స్లైడ్‌లో అయిపోవడం నాకు నచ్చలేదు. అందుకని ఆయన గురించి దొరికినవన్నీ చదివాను. చదివాక నాకు అర్థమైనదే ఇది.

ఓడల లెక్కల ఇంట్లోంచి

కిల్డాల్ 1942 మే 19న అమెరికాలోని సీటెల్‌లో పుట్టారు. సీటెల్ రేవు పట్టణం. వాళ్ల కుటుంబానికి ఒక నావికా శిక్షణ బడి ఉండేది. తాత పెట్టిన బడి, నాన్న అందులో పాఠాలు చెప్పేవారు. నడి సముద్రంలో ఓడ ఎక్కడుందో నక్షత్రాలు చూసి, త్రికోణమితి లెక్కలు వేసి కనుక్కోవడం అక్కడ నేర్పేవాళ్లు. కాబట్టి సైన్, కాస్ మన ఇంటర్‌లోలాగా మార్కుల కోసం కాదు, అవి ఆ ఇంటికి అన్నం పెట్టిన లెక్కలు.

ఆయన లెక్కల టీచర్ అవుదామనుకుని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేరారు. అక్కడ కంప్యూటర్ కనపడింది, మనసు అటు పోయింది. డొరొతీ మెక్‌యూయెన్‌ని పెళ్లి చేసుకున్నారు. అది వియత్నాం యుద్ధం నడుస్తున్న కాలం, కుర్రాళ్లందరికీ సైన్యం పిలుపు వస్తోంది. కిల్డాల్ నౌకాదళంలో చేరారు. ఆయన్ని యుద్ధానికి పంపకుండా కాలిఫోర్నియాలో మాంటెరీలో ఉన్న నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్‌లో పాఠాలు చెప్పే పనిలో పెట్టారు. అలా అనుకున్నట్టే టీచరయ్యారు.

1972లో పీహెచ్‌డీ వచ్చింది. మరుసటి ఏడాది, 1973లో, ప్రోగ్రాముల ఆప్టిమైజేషన్ మీద ఒక పేపర్ ప్రచురించారు. కంపైలర్ డిజైన్‌లో డేటా ఫ్లో అనాలిసిస్ అని ఒక యూనిట్ వస్తుంది కదా, మనం పరీక్షకి ముందు రాత్రి లాటిస్, ఫిక్స్‌డ్ పాయింట్ అంటూ బట్టీ కొట్టేది, దానికి పునాది వేసిన పేపర్లలో అదొకటి. ఇప్పటికీ దాన్ని కిల్డాల్ పద్ధతి అంటారు. ఈ ఒక్క పేపర్‌తో ఆగిపోయినా కంప్యూటర్ సైన్స్‌లో ఆయన పేరు నిలిచేది. కానీ ఆగలేదు.

డ్రైవ్ ఉంది, కంట్రోలర్ లేదు

1971 చివర్లో ఇంటెల్ 4004 అనే చిప్ అమ్మకానికి పెట్టింది. అందులో ఉన్నవి సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు. పెద్ద కంప్యూటర్ల దగ్గర పనిచేసేవాళ్లకి అదొక బొమ్మలా కనిపించింది. కిల్డాల్‌కి మాత్రం నాన్న గుర్తొచ్చారు. ఓడ లెక్కలన్నీ చేసిపెట్టే చిన్న యంత్రం ఒకటి ఉంటే బాగుండునని నాన్నకి ఎప్పటినుంచో కోరిక. ఈ చిప్‌తో అది చేయొచ్చేమో అని త్రికోణమితి ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టారు.

అలా ఇంటెల్‌తో పరిచయం ఏర్పడి, అక్కడ కన్సల్టెంట్‌గా చేరారు. చిప్‌లకి అసెంబ్లీలో రాయడం ఎంత నరకమో మనకి మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో తెలిసిందే. ఆ బాధ తప్పించడానికి పీఎల్/ఎం అనే భాష తయారు చేసి ఇచ్చారు. ఇంటెల్ ఇచ్చిన ఇంటెల్లెక్-8 మెషీన్‌ని తెచ్చి తన క్లాసురూమ్ వెనక పెట్టి, విద్యార్థుల్ని దాని మీద పనిచేయనిచ్చారు.

అప్పట్లో ప్రోగ్రామ్ దాచుకోవాలంటే కాగితపు టేపే గతి. కిల్డాల్‌కి షుగార్ట్ అనే కంపెనీ నుంచి వాడేసిన 8 అంగుళాల ఫ్లాపీ డ్రైవ్ ఒకటి దొరికింది. డ్రైవ్ అయితే వచ్చింది గానీ, దాన్ని కంప్యూటర్‌తో కలిపే కంట్రోలర్ బోర్డు లేదు. తనే చేద్దామని చూశారు, కుదరలేదు. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి. చివరికి జాన్ టొరోడీ అనే స్నేహితుడు ఆ బోర్డు తయారు చేశారు. 1974లో పసిఫిక్ గ్రోవ్ అనే చిన్న ఊళ్లో, ఆ డ్రైవ్‌లోంచి కిల్డాల్ రాసిన కొత్త ప్రోగ్రామ్ లేచి, స్క్రీన్ మీద ప్రాంప్ట్ చూపించింది. దాని పేరు సీపీ/ఎం. చిన్న కంప్యూటర్లకి బాగా వ్యాపించిన మొదటి డిస్క్ ఆపరేటింగ్ సిస్టమ్ అదే.

ఇంటెల్‌కి చూపించారు. పీఎల్/ఎం కొన్న ఇంటెల్ దీన్ని మాత్రం వద్దంది. దాంతో భార్యాభర్తలిద్దరూ కలిసి సొంతంగా కంపెనీ పెట్టారు. మొదట పెట్టిన పేరు ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్. తర్వాత గెలాక్సీ తీసేసి డిజిటల్ రీసెర్చ్ అన్నారు. వ్యాపారం డొరొతీ చూసుకునేవారు, కోడ్ ఆయన రాసేవారు. పోస్టులో సీపీ/ఎం కాపీ ధర 70 డాలర్లు.

గీత ఎక్కడ గీశారంటే

అసలు సంగతి ఇక్కడుంది. ఆ రోజుల్లో ప్రతి కంపెనీ కంప్యూటర్ వేరు, డిస్క్ కంట్రోలర్ వేరు, టెర్మినల్ వేరు. ఒక మెషీన్ మీద నడిచే సీపీ/ఎం ఇంకో మెషీన్ మీద నడవాలంటే కోడ్ అంతా మళ్లీ తవ్వి మార్చాలి. ఒక్కో కస్టమర్‌కీ ఒక్కో వెర్షన్. ఈ పని రెండు మూడుసార్లు చేసేసరికి ఎవరికైనా విసుగొస్తుంది. ఆయనకీ వచ్చింది.

ఆయన చేసిందేమిటంటే, సిస్టమ్‌ని మధ్యలో కోసి రెండు చేశారు. ఫైళ్లు, డైరెక్టరీ, కమాండ్లు లాంటివి అన్ని మెషీన్లలోనూ ఒకటే కదా, అవన్నీ ఒక పక్క పెట్టారు. కీబోర్డు నుంచి అక్షరం చదవడం, స్క్రీన్ మీద అక్షరం పెట్టడం, డిస్క్‌లో ఫలానా ట్రాక్, ఫలానా సెక్టార్ చదవడం లాంటి హార్డ్‌వేర్ పనులన్నీ ఇంకో పక్క పెట్టారు. ఈ రెండో ముక్కకే బయోస్ అని పేరు. బేసిక్ ఇన్‌పుట్ అవుట్‌పుట్ సిస్టమ్. ఆ మాట మొదట కనిపించింది 1975 నాటి సీపీ/ఎంలోనే.

సీపీ/ఎం 2.2 వెర్షన్‌లో బయోస్‌లోకి వెళ్లే దారులు మొత్తం 17. ఆ 17 చిన్న ఫంక్షన్లు రాసుకుంటే చాలు, నువ్వు గ్యారేజీలో తయారు చేసిన కంప్యూటర్ మీద కూడా సీపీ/ఎం నడుస్తుంది. దాంతోపాటు దాని కోసం ప్రపంచంలో ఎవరెవరో రాసిన ప్రోగ్రాములన్నీ నడుస్తాయి. ఇమ్‌సాయ్ అనే కంప్యూటర్ కంపెనీ 1977 ప్రాంతంలో 25,000 డాలర్లకి లైసెన్స్ తీసుకుంది. వెనకాలే మిగతావాళ్లు వచ్చారు. 1981కల్లా దాదాపు 3,000 రకాల కంప్యూటర్ మోడళ్ల మీద సీపీ/ఎం నడిచింది. మనం ఓఓపీలో ఇంటర్‌ఫేస్, ఇంప్లిమెంటేషన్ అని నాలుగు మార్కుల జవాబు రాస్తాం కదా, దాన్ని 64 కిలోబైట్లకి మించని మెమరీలో చేసి చూపించారన్నమాట.

ఇంకో చిన్న విషయం నాకు బాగా నచ్చింది. సీపీ/ఎం ఫ్లాపీలో మొదటి రెండు ట్రాకులు సిస్టమ్ కోసం విడిగా ఉంచేవాళ్లు. రెండు ట్రాకులంటే 52 సెక్టార్లు, ఒక్కోటి 128 బైట్లు, మొత్తం 6,656 బైట్లు. మొట్టమొదటి సెక్టార్‌లో ఒక బుల్లి లోడర్ ఉంటుంది. అది లేచి మిగతా 51 సెక్టార్లని మెమరీలోకి లాగుతుంది. ఈ రెండు ట్రాకులు డైరెక్టరీలో కనపడవు. అందుకని ఫైళ్లన్నీ కాపీ చేసినంత మాత్రాన కొత్త ఫ్లాపీ బూట్ అవ్వదు. సిస్‌జెన్ అనే కమాండ్‌తో ఆ ట్రాకుల్ని విడిగా రాయాలి.

అదే గీత మీద ఆగిన ల్యాప్‌టాప్

ఇది చదివాక నాకు ఈమధ్య మా హాస్టల్లో జరిగింది ఒకటి కొత్తగా అర్థమైంది. ఫస్టియర్ తమ్ముడొకడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. లినక్స్ వేసుకుందామని పెన్‌డ్రైవ్ పెడితే, ఏం చేసినా నేరుగా విండోస్‌కే వెళ్లిపోతోందట. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరే లేదట. అప్పటికే నాలుగు వీడియోలు చూసి, అందులో చెప్పినవన్నీ వరసపెట్టి మార్చేశాడు. ఏది ఎందుకు మార్చాడో వాడికే తెలియదు.

పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తే అందులో ఐఎస్ఓ ఫైల్ ఒక్కటే ఉంది, సినిమా కాపీ చేసినట్టు కాపీ చేశాడు. అంటే 1970ల నాటి సిస్‌జెన్ సమస్యే. ఫైల్ ఉంది, బూట్ అయ్యే ఏర్పాటు లేదు. ఐఎస్ఓని డ్రైవ్ మీద విప్పి రాసే టూల్‌తో మళ్లీ రాయాలి. రాశాం. ఈసారి కూడా మెనూలోకి రాలేదు. ఎందుకంటే వాడి దగ్గరున్న పాత టూల్ దాన్ని పాత బయోస్ పద్ధతికి రాసింది. ఆ ల్యాప్‌టాప్‌లోనేమో యూఈఎఫ్ఐ ఒక్కటే ఉంది.

తేడా ఏంటంటే, పాత బయోస్ డిస్క్‌లోని మొదటి సెక్టార్ చదివి, అందులో ఏముంటే దాన్ని నడిపేస్తుంది. యూఈఎఫ్ఐ అలా చేయదు. ఫ్యాట్32 పార్టిషన్ కోసం వెతికి, అందులో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్, దాని లోపల బూట్ అనే ఫోల్డర్, దాని లోపల బూట్‌ఎక్స్64 అనే ఫైల్ ఉందా అని చూస్తుంది. లేకపోతే దాని దృష్టిలో అది ఉత్త పెన్‌డ్రైవ్. ఇంటెల్ 2020 నాటికి పాత బయోస్ సపోర్ట్ తీసేస్తామని 2017లోనే చెప్పింది. కాబట్టి కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి పాత దారి లేదు.

జీపీటీ, యూఈఎఫ్ఐ అని పెట్టి రాశాక పేరు మెనూలోకి వచ్చింది. ఎంచుకుంటే సెక్యూర్ బూట్ ఆపేసింది. వాడు దించుకున్న లినక్స్ లోడర్ మీద ఆ ల్యాప్‌టాప్ నమ్మే సంతకం లేదు. సెక్యూర్ బూట్ ఆఫ్ చేసే ముందు బిట్‌లాకర్ రికవరీ కీ రాసి పెట్టుకోమన్నాను. అది లేకుండా ఆఫ్ చేస్తే తర్వాత విండోస్ ఆ కీ అడుగుతూ కూర్చోవచ్చు, లోపలి ఫైళ్లు అందవు. కీ రాసుకున్నాడు, ఆఫ్ చేశాం, లినక్స్ వచ్చింది.

ఇలాంటి సమస్య వస్తే అడగాల్సినవి నాలుగే ప్రశ్నలు, వరసగా. ఒకటి, మెషీన్‌కి పెన్‌డ్రైవ్ కనపడుతోందా? అంటే వేరే పోర్ట్‌లో, హబ్ లేకుండా పెట్టి చూడటం, షట్‌డౌన్‌కి బదులు రీస్టార్ట్ కొట్టడం, ఎందుకంటే విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌లో షట్‌డౌన్ చేసినా పూర్తిగా ఆరిపోదు. రెండు, కనపడినా అటు వెళ్లమని మనం చెప్పామా? అంటే యూఎస్‌బీ బూట్ ఆన్‌లో ఉందా, బూట్ వరసలో విండోస్ కంటే ముందుందా అని. మూడు, వెళ్తే అక్కడ దానికి అర్థమయ్యే లోడర్ ఉందా? నాలుగు, ఉన్నా దాన్ని నమ్ముతుందా? ఈ నాలుగూ కిల్డాల్ గీసిన గీత మీదే నిలబడి ఉన్నాయి. గీతకి ఇటు మెషీన్, అటు ఆపరేటింగ్ సిస్టమ్. రెండూ బాగానే ఉంటాయి, మధ్యలో మాట కలవదు, అంతే. చాలాసార్లు ల్యాప్‌టాప్ పాడైందని షాపుకి పరిగెత్తేది ఈ మాట కలవకపోవడం వల్లే.

ఐబీఎం వచ్చిన రోజు

ఇక ఆ స్లైడ్ సంగతికి వద్దాం. 1980లో ఐబీఎం చిన్న కంప్యూటర్ చేద్దామనుకుంది. ఆపరేటింగ్ సిస్టమ్ కోసం మైక్రోసాఫ్ట్‌ని అడిగితే, వాళ్లు అప్పుడు డిజిటల్ రీసెర్చ్ దగ్గరికి వెళ్లమన్నారు. ఐబీఎం మనుషులు పసిఫిక్ గ్రోవ్ వచ్చిన రోజు కిల్డాల్ సొంత విమానంలో ఒక కస్టమర్ దగ్గరికి, పని మీదే వెళ్లారు. వ్యాపార చర్చలు ఎప్పుడూ డొరొతీ చూసుకునేవే. ఐబీఎం వాళ్లు మాట మొదలుపెట్టే ముందే ఒక రహస్య ఒప్పందం మీద సంతకం అడిగారు. షరతులన్నీ ఒక పక్కకే ఉన్నాయని ఆమె, వాళ్ల లాయరు వెనకాడారు. ఆ తర్వాత ఆ రోజు ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకున్నారన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. ఒప్పందం మాత్రం కుదరలేదు.

ఐబీఎం మళ్లీ మైక్రోసాఫ్ట్ దగ్గరికి వెళ్లింది. మైక్రోసాఫ్ట్ సీటెల్‌లోని ఒక చిన్న కంపెనీ నుంచి 86-డాస్ తీసుకుంది. దాన్ని రాసిన టిమ్ ప్యాటర్సన్, సీపీ/ఎం ప్రోగ్రాములు తేలిగ్గా మార్చుకునేలా, సిస్టమ్ కాల్స్‌ని సీపీ/ఎం మాన్యువల్‌ని బట్టి పెట్టారు. అదే పీసీ డాస్ అయ్యి 1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీతో బయటికొచ్చింది. కిల్డాల్ అభ్యంతరం చెప్పాక, సీపీ/ఎం-86ని కూడా అమ్ముతామని ఐబీఎం ఒప్పుకుంది. తీరా అమ్మకానికి పెట్టినప్పుడు పీసీ డాస్ 40 డాలర్లు, సీపీ/ఎం-86 అయితే 240 డాలర్లు. మీరైతే ఏది కొంటారు? జనం కూడా అదే కొన్నారు.

కాబట్టి విమానం వల్ల అంతా పోయింది అనేది సగం కూడా నిజం కాదు. సంతకం, లాయరు, ఆలస్యం, 200 డాలర్ల తేడా, ఇవన్నీ ఉన్నాయి. ఇవేవీ ఒక స్లైడ్‌లో పట్టవు, విమానం పడుతుంది.

తమాషా ఏంటంటే, ఐబీఎం పీసీలో కూడా బయోస్ ఉంది, ఈసారి రామ్ చిప్‌లో. కాంపాక్ అనే కంపెనీ ఆ బయోస్‌ని కాపీ కొట్టకుండా, అదే పని చేసేలా మొదటినుంచీ కొత్తగా రాసుకుని, 1982లో ఐబీఎంకి పోటీ మెషీన్ ప్రకటించింది. గీతకి అటూ ఇటూ మారకపోతే మధ్యలో ఎవరైనా మార్చుకోవచ్చని కిల్డాల్ చూపించిందే ఐబీఎం చేతిలోంచి కూడా మార్కెట్ జారిపోయేలా చేసింది.

ఆ తర్వాత

ఆయన పని ఆపలేదు. 1983 నుంచి 1990 వరకు కంప్యూటర్ క్రానికల్స్ అనే టీవీ కార్యక్రమానికి సహ వ్యాఖ్యాతగా ఉన్నారు. మెల్లగా, తొందర లేకుండా ఎదుటివాళ్ల మెషీన్ గురించి అడుగుతుంటారు, చూస్తే క్లాసు చెప్పినట్టే ఉంటుంది. ఒక ఎన్‌సైక్లోపీడియా మొత్తాన్ని 1985లో ఒక్క సీడీ-రామ్‌లో పెట్టిన కంపెనీ కూడా ఆయనదే. డిజిటల్ రీసెర్చ్‌ని 1991లో నోవెల్ కొనేసింది. డబ్బుకి లోటు లేదు. లోటు వేరే చోట ఉంది.

1992లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ కంప్యూటర్ సైన్స్ విభాగానికి 25 ఏళ్లు నిండిన పండగ చేశారు. అక్కడే పీహెచ్‌డీ చేసిన కిల్డాల్‌ని పిలిచారు, ప్రముఖ పూర్వ విద్యార్థుల్లో ఒకరిగా. ముఖ్య ప్రసంగం మాత్రం బిల్ గేట్స్‌ది. ఆయన ఆ యూనివర్సిటీలో చదవలేదు, చదివిన హార్వర్డ్‌ని మధ్యలో వదిలేశారు, కానీ విరాళం ఇచ్చారు. తను చదివి, తను పాఠంగా నిలబడాల్సిన చోట ఆ మాట కిల్డాల్‌కి లోతుగా గుచ్చుకుంది. తన కథ తనే చెప్పాలని జ్ఞాపకాలు రాయడం మొదలుపెట్టారు. రాసిన ప్రతి స్నేహితులకీ ఇంట్లోవాళ్లకీ ఇచ్చారు గానీ, పుస్తకంగా రాలేదు.

చివరి ఏళ్లలో తాగుడు ఎక్కువైంది. 1994 జులై 8న మాంటెరీలో ఒక బార్‌లో తలకి దెబ్బ తగిలింది. ఎలా తగిలిందో సరిగ్గా తేలలేదు. మూడు రోజుల తర్వాత, జులై 11న చనిపోయారు. 52 ఏళ్లు. పుట్టిన సీటెల్‌లోనే సమాధి చేశారు.

పసిఫిక్ గ్రోవ్‌లో డిజిటల్ రీసెర్చ్ ఉన్న భవనం దగ్గర 2014లో ఐట్రిపుల్‌ఈ ఒక ఫలకం పెట్టింది. 2016లో ఆయన పిల్లలు ఆ జ్ఞాపకాల్లోని మొదటి భాగాన్ని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ద్వారా అందరికీ ఇచ్చారు. చివరి భాగం మాత్రం ఇవ్వలేదు, అది ఆయన జబ్బు మాట్లాడిన భాగం అని వాళ్ల ఉద్దేశం. చనిపోయిన మనిషి మాటల్లో ఏది ఉంచాలో, ఏది ఆపాలో పిల్లలు కూర్చుని తేల్చుకోవాల్సి రావడం ఎంత కష్టమో కదా.

సీపీ/ఎం పాత సోర్స్ కోడ్ కూడా 2014 నుంచి అదే మ్యూజియం సైట్‌లో ఉంది. నేను ఎమ్యులేటర్‌లో 2.2 నడిపి చూశాను. ఏ అక్షరం, పక్కన ఒక బాణం గుర్తు, అంతే వస్తుంది. డిఐఆర్ అని కొడితే ఫైళ్లు చూపిస్తుంది, మన కమాండ్ ప్రాంప్ట్ ఇప్పటికీ చూపించినట్టే. ఆ 17 ఫంక్షన్ల పట్టిక చదవడానికి ఒక సాయంత్రం చాలు. ఓఎస్ సబ్జెక్ట్ మొదలయ్యే లోపు ఎవరైనా కలిసి చదువుదామంటే క్లబ్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టండి, శనివారం ల్యాబ్ అయ్యాక కూర్చుందాం.